సంహార గాథల్లో ఓడినవారి పక్షం: ఉక్కు నగరం చుట్టూ అసురుల కథ

జంషెడ్‌పూర్: దసరా రోజుల్లో ఈ ఉక్కు నగరంలోని పూజా మండపాలలో మహిషాసురుణ్ణి సంహరిస్తున్న దుర్గామాత కొలువుదీరుతుంది. ఇదే జార్ఖండ్ రాష్ట్రంలోని గుమ్లా, లాతేహార్ జిల్లాలలో నివసించే అసుర్ తెగకు చెందిన కొన్ని కుటుంబాలకు మాత్రం అవి సంతాప దినాలు. మహిషాసురుడు తమ పూర్వీకుడని వారి విశ్వాసం.

దేవుడో, వీరుడో ఒక భయంకర సర్పాన్ని లేదా రాక్షసుణ్ణి చంపి లోకాన్ని నిలబెట్టే కథ అనేక నాగరికతలలో కనిపిస్తుంది. బాబిలోనియా గాథలో మర్దుక్ తియామత్‌ను, గ్రీకు గాథలో అపోలో పైథాన్ అనే మహాసర్పాన్ని సంహరిస్తారు. ఋగ్వేదం మొదటి మండలంలోని 32వ సూక్తంలో ఇంద్రుడు జలాలను బంధించిన వృత్రుడనే సర్పాన్ని వజ్రాయుధంతో చంపి నదులను విడిపిస్తాడు.

ఛోటానాగ్‌పూర్ ముండాల గాథలోనూ దైవం చేతిలో అసురులు నశిస్తారు. అయితే వారు ఇనుము కరిగించే పనివారు. రేయింబవళ్లు మండే వారి కొలుముల వేడి స్వర్గాన్ని బాధించగా, సింగ్‌బోంగా పక్షులను దూతలుగా పంపి పని తగ్గించమంటాడు. వారు వినరు. చివరకు ఆయన చర్మవ్యాధిగల బాలుని రూపంలో వచ్చి, ఉపాయంతో వారిని కొలిమిలోనే దహింపజేస్తాడు. వారి భార్యలు కొండలలో, జలాలలో నివసించే ఆత్మలుగా మిగిలిపోతారు. ముండాల చరిత్రపై మానవశాస్త్రవేత్త శరత్ చంద్ర రాయ్ రచించిన గ్రంథం 1912లో వెలువడింది. నాటి సాక్చి గ్రామంలో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, టాటా కర్మాగారం తొలి ఉక్కును ఉత్పత్తి చేసింది కూడా ఆ ఏడాదే.

నేటి అసుర్ తెగవారికీ ఇనుము కరిగించడమే కులవృత్తి. అడవులపై ఆంక్షలు పెరగడం, కర్మాగారాల ఇనుము మార్కెట్‌ను ముంచెత్తడంతో అది క్షీణించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం జార్ఖండ్‌లో వారి సంఖ్య సుమారు 22 వేలు. వారి అసురీ భాషను అంతరించే ముప్పున్న భాషల జాబితాలో యునెస్కో చేర్చింది. గాథలోని అసురులు, నేటి తెగ ఒకరేనని చరిత్ర నిర్ధారించలేదు. అయినా ఆ పేరు మోస్తున్నవారికి దసరా కథ కేవలం పురాణం కాదు.

ఓడినవాని పక్షం తెలుగు పాఠకులకూ కొత్తది కాదు. ఏర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠ స్కంధంలో వృత్రుడు యుద్ధభూమిలోనే భక్తునిగా మాట్లాడతాడు. అతనిని చంపిన ఇంద్రుణ్ణి బ్రహ్మహత్యా పాతకం వెంటాడుతుంది. గెలిచినవాని కీర్తితో పాటు ఆ గెలుపునకు చెల్లించిన మూల్యాన్ని కూడా మన పురాణమే నమోదు చేసింది. అసుర్ కుటుంబాల సంతాపాన్ని అర్థం చేసుకోవడానికి ఆ కథ ఒక దారి చూపుతుంది.