పక్షవాతం ముప్పు: ధమని గోడ చెప్పే ఆనవాళ్లు

పుదుచ్చేరి: మాట తడబడి, చేయి పట్టు తప్పి, అరగంటలో అంతా సర్దుకున్న వ్యక్తికి మెడ రక్తనాళాల స్కాన్‌లో ‘అడ్డంకి లేదు’ అని వస్తే ఇంటిల్లిపాదీ కుదుటపడతారు. ఆ ఊరట ప్రతిసారీ సరైనది కాకపోవచ్చు. రక్తం పారే దారి తెరిచే ఉన్నా, దాని గోడ దెబ్బతిని ఉండవచ్చు. మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం, అంటే ఇస్కీమిక్ స్ట్రోక్, ముప్పును అంచనా వేయడంలో ధమని గోడ చిత్రణకు ప్రాధాన్యం పెరిగింది ఇందుకే.

కొవ్వు పేరుకునే తొలి దశలో ధమని వెలుపలికి ఉబ్బుతుంది. లోపలి దారి చాలాకాలం ఇరుకుకాదు. షికాగో శాస్త్రవేత్త సేమూర్ గ్లాగోవ్ బృందం 1987లో గుండె ధమనులలో ఈ విషయాన్ని నిరూపించింది. దారిని మాత్రమే చూపే యాంజియోగ్రామ్‌కు ఈ దశ అందదు.

మెడలోని కెరోటిడ్ ధమని చర్మానికి దగ్గరగా ఉంటుంది కనుక అల్ట్రాసౌండ్‌తో దాని గోడను కొలవవచ్చు. రేడియేషన్ ఉండదు, ఖర్చు తక్కువ. లోపలి, మధ్య పొరల మందం 1.5 మిల్లీమీటర్లు దాటితే దానిని కొవ్వు ఫలకంగా పరిగణిస్తారు. అయితే వయసుతో, అధిక రక్తపోటుతో కూడా గోడ మందమవుతుంది. కేవలం ఆ కొలతను ముప్పు అంచనాకు అందరిలోనూ వాడవద్దని 2013లో అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు సూచించాయి. ఫలకం స్వభావమే కీలకం. లోపల మెత్తని కొవ్వు, పైన పలుచని పొర ఉన్న ఫలకం పగిలితే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరవచ్చు. ఫలకం లోపలి రక్తస్రావాన్ని ఎంఆర్ఐ పసిగట్టగలదు. అది మున్ముందు స్ట్రోక్ రావచ్చనడానికి బలమైన సంకేతం.

భారతీయులతో సహా ఆసియావాసులలో పుర్రె లోపలి ధమనులు పూడుకోవడం పాశ్చాత్యులలో కంటే ఎక్కువ. ఎముక అడ్డువల్ల అక్కడి గోడను అల్ట్రాసౌండ్ చూపలేదు. పారే రక్తాన్ని నల్లగా, గోడను స్పష్టంగా చూపే అధిక స్పష్టత గల ఎంఆర్ఐ కావాలి. వ్యాధికి మూలం కొవ్వా, రక్తనాళపు వాపా, గోడ చీలికా అన్నదీ దానితో చాలావరకు తేలుతుంది. కానీ రోగి చాలాసేపు కదలకుండా పడుకోవాలి. చిత్రాలను చదివే నిపుణులూ ఉండాలి.

దూరం కూడా చిన్న సమస్య కాదు. 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాల వారసత్వం గల జిప్మర్ పుదుచ్చేరిలో ఉంది. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణం యానాం అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. 2024లో యానాంలోనూ జిప్మర్ వైద్య కేంద్రం జాతికి అంకితమైంది. పెద్ద స్కాన్ ఎవరికి అవసరమో స్థానికంగానే తేల్చగలిగితే వృథా ప్రయాణాలు తగ్గుతాయి.

లక్షణాలేవీ లేనివారు ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో భాగంగా మెడ స్కాన్ తీయించుకోవడాన్ని అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లోనూ సిఫారసు చేయలేదు. వారికి రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలే ముందు. మూతి వంకరపోవడం, చేయి లేవకపోవడం, మాట ముద్దగా రావడం ఉన్నట్టుండి కనిపిస్తే గోడ స్కాన్ల కోసం ఆగకూడదు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి. గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.