షుగర్ మాత్ర ఒక్కటే.. లోపల మందులు రెండు! ఖాళీ కడుపుతో వేటకెళ్లేవాళ్లూ, షిఫ్టుకెళ్లేవాళ్లూ ఇది చూసుకోండి

భీమిలి తీరంలో వేటకు వెళ్లేవాళ్లు చీకటితోనే పడవెక్కుతారు. ఇంట్లో ఒక గ్లాసు టీ, అంతే. అన్నం మళ్లీ ఎప్పుడో. అలా బయల్దేరే ముందు షుగర్ మాత్ర వేసుకునే అలవాటు ఉంటే మాత్రం జాగ్రత్త. అందులో ఏ మందు ఉందో తెలియకపోతే నడిసముద్రంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్లకి, పోర్టుకి రాత్రిళ్లు లారీలు నడిపేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. టైప్ 2 షుగర్‌కి డాక్టర్లు సాధారణంగా ముందు మెట్‌ఫార్మిన్ రాస్తారు. దాంతో అదుపులోకి రాకపోతే రెండో మందు కలుపుతారు. రెండూ ఒకే మాత్రలో వస్తే అదే కాంబినేషన్ మాత్ర. మన మెడికల్ షాపుల్లో బాగా కనిపించే జోడీ మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్.

ఈ రెండూ ఒకేలా పనిచేయవు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం నుంచి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. అది ఒక్కటే వాడితే షుగర్ మరీ కిందికి పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, మనిషి తిన్నాడా లేదా అని చూడదు. అందుకే దీన్ని రోజులో మొదటి ప్రధాన భోజనంతో వేసుకోవాలని చెబుతారు. టీ, రెండు బిస్కెట్లు భోజనం కింద లెక్క కాదు. పని వేళలు ఇలా ఉన్నాయని డాక్టర్‌కి ముందే చెబితే మాత్ర టైమ్ మారుస్తారు, లేదా షుగర్‌ని అంతగా పడేయని వేరే మందు రాస్తారు.

వేట నిషేధం రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఒళ్లు వంచి చేసే పని తగ్గితే షుగర్ పెరగొచ్చు, డాక్టర్ డోసు పెంచొచ్చు. జూన్ 15న మళ్లీ వలలు లాగే పని మొదలవుతుంది. డోసు మాత్రం పెంచినదే ఉండిపోతే? లో షుగర్ వచ్చేది ఇలాంటప్పుడే. వేట మొదలయ్యే ముందు ఒకసారి పరీక్ష చేయించుకుని డోసు చూపించుకోవడం మంచిది.

చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం.. ఇవి లో షుగర్ లక్షణాలు. మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. అంటే మూడు, నాలుగు టీస్పూన్లు. 15 నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. మీటర్ లేకపోయినా ఆగకూడదు. తేరుకున్నాక ఏదైనా తినాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడొచ్చు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కొన్ని కాంబినేషన్లలో వోగ్లిబోస్ అనే మూడో మందు కూడా ఉంటుంది. అది మామూలు చక్కెర పేగుల్లో విడిపోవడాన్ని నెమ్మది చేస్తుంది. కాబట్టి ఆ మాత్ర వాడేవాళ్లకి లో షుగర్ వస్తే పంచదార, చాక్లెట్ త్వరగా పనిచేయవు. గ్లూకోజ్ పొడే కావాలి. పడవలో అయినా, లారీ క్యాబిన్‌లో అయినా ఒక ప్యాకెట్ ఉంచుకోవాలి.

రెండో పెద్ద పొరపాటు డబుల్ డోసు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ విడివిడిగా ఇస్తారు. అదే మనిషి ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే ఆ రెండూ కలిసిన మాత్ర వేరే కంపెనీ పేరుతో చేతికొస్తుంది. రంగు వేరు, పేరు వేరు, మందు మాత్రం అదే. రెండూ వేసుకుంటే డోసు రెట్టింపే! ఒక పూట మర్చిపోయామని తర్వాతి పూట రెండు మాత్రలు వేసుకున్నా అంతే. పేరు చివర ఎస్ఆర్ అని ఉంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం. దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు.

కిడ్నీల సంగతి కూడా చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి ఉత్తరాంధ్రలో తెలియనివాళ్లు ఉండరు. కిడ్నీ పనితీరును చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 45 కంటే తగ్గితే డోసు తగ్గించాలా అన్నది డాక్టర్ చూస్తారు. అందుకే ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు కలిసిన కాంబినేషన్ వాడుతుంటే వాంతులు, విరేచనాలు అయినప్పుడు డాక్టర్‌ని అడిగి ఆపాలి. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు కూడా ఇది ఆపిస్తారు. మద్యంతో ఏ కాంబినేషనూ సురక్షితం కాదు. గ్లిమెపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో తాగితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

మందులు కలిపినంత మాత్రాన మంచిదనుకోవడానికి లేదు. 2018 సెప్టెంబర్‌లో కేంద్రం 328 రకాల కాంబినేషన్ మందుల్ని నిషేధించింది. గ్లిమెపిరైడ్, పియోగ్లిటాజోన్, మెట్‌ఫార్మిన్ మూడూ కలిసిన కొన్ని మాత్రలు ఆ జాబితాలో ఉన్నాయి. మరోవైపు పేటెంట్ గడువు అయిపోయాక సిటాగ్లిప్టిన్ లాంటి మందుల ధర బాగా తగ్గింది. 2022 నుంచి జన్ ఔషధి షాపుల్లో సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్రలు కూడా దొరుకుతున్నాయి. ఈ జోడీతో లో షుగర్ ముప్పు తక్కువ. అయితే ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్ల మాత్ర మనకి పనికిరాదు.

చివరగా స్ట్రిప్ సంగతి. డబ్బులు చాలక ఐదు మాత్రలే కొనుక్కుంటే షాపువాళ్లు స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు. ఆ ముక్క మీద మందు పేరు, డోసు, గడువు తేదీ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు షాపులోనే పూర్తి స్ట్రిప్‌ని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినా, 108 ఎక్కినా ఆ ఫొటో చూపిస్తే చాలు.