విద్యుత్తు కారు ఇల్లు చేరునా?

అమలాపురము నుండి ఒక కుటుంబము వైద్యమునకై రాజమహేంద్రవరము బయలుదేరినదనుకొందము. పోను రాను దారి సుమారు 130 కిలోమీటర్లు. కారు పెట్రోలుది కాదు, విద్యుత్తుతో నడచునది. ప్రొద్దుపోయిన తరువాత గౌతమి వంతెన దాటి ఇల్లు చేరవలెను. బ్యాటరీలోని శక్తి చాలునా?

ఈ శక్తిని యూనిట్లలో కొలుతురు. మన ఇంటి మీటరు చూపు యూనిట్లే ఇవి. 2022లో వెలువడిన టాటా టియాగో విద్యుత్తు కారులో పెద్ద బ్యాటరీ 24 యూనిట్లది. యూనిట్టుకు 7 కిలోమీటర్లు నడచినచో 168 కిలోమీటర్లు పోవచ్చును. అదే 5½ కిలోమీటర్లే నడచినచో 132 మాత్రమే. అనగా ఇంటి గుమ్మములోనే బ్యాటరీ ఖాళీ!

ఈ తేడా ఎందువలన కలుగును? డెల్టా భూమి చదునైనది గనుక ఎత్తు ఎక్కుటకు ఖర్చు లేదు. చక్రముల రాపిడి, గాలి అడ్డు, చల్లదనపు యంత్రము, ఇవే శక్తిని తినును. వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగు రెట్లగును. 40 కిలోమీటర్ల వేగముతో కాలువగట్టున పోవు కారు కంటె 80తో పెద్ద రహదారిని పోవు కారు, ప్రతి కిలోమీటరుకు గాలిని చీల్చుటకే నాలుగింతలు ఖర్చు చేయును. అట్లని మరీ మెల్లగా పోరాదు. రోహిణి ఎండలో చల్లదనపు యంత్రము గంటకు సుమారు ఒక యూనిట్టు తీసికొనును. ప్రయాణము సాగినకొలది ఆ ఖర్చు పెరుగును.

రోడ్డుమీద ధాన్యము ఆరబోసినచోట, గేదెల మంద ఎదురైనచోట కారు ఆపవలెను గదా! 1,300 కిలోల బండి 60 కిలోమీటర్ల వేగములో నున్నపుడు దాని చలనశక్తి యూనిట్టులో 20వ వంతు. పెట్రోలు కారులో అది బ్రేకుల వద్ద వేడియై పోవును. విద్యుత్తు కారులో మోటారే డైనమోగా మారి, అందులో సగమైనను బ్యాటరీకి తిరిగి చేర్చగలదు. ఆ శక్తితో మరి 175 మీటర్లు నడువవచ్చును.

ఇంటివద్ద 15 ఆంపియర్ల సాకెట్టు నుండి, 230 వోల్టులు ఉన్నచో, గంటకు సుమారు 3 యూనిట్లు బ్యాటరీకి ఎక్కును. వోల్టేజి తగ్గినచో ఇంకను ఆలస్యమగును. ఎర్తు సరిగా లేనిచో చార్జరు అసలే పనిచేయక మొరాయించవచ్చును. ఇది లోపము కాదు, ప్రాణరక్షణ. తడిమట్టి విద్యుత్తును బాగుగా పోనిచ్చును. వేసవిలో మట్టి ఎండునపుడు ఎర్తు గుంతలో నీరు పోయుట మరువరాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. కొండదారిలో పోవుటకైన ఖర్చును బట్టి వచ్చుటకగు ఖర్చు చెప్పలేము. చదును నేలపై రెండును ఇంచుమించు సమానము. కావున రాజమహేంద్రవరము చేరగానే మీటరు చూడుడు. 10 యూనిట్లలోపు ఖర్చయినచో నిశ్చింతగా తిరిగి రావచ్చును. సాయంకాలపు సముద్రగాలి ఎదురు వీచినను, మిగులు యూనిట్లు ఆదుకొనును. 12 దాటినచో, వైద్యుని కొరకు వేచియుండు వేళలోనే కారును ఎచ్చటనైన చార్జింగునకు పెట్టుట మేలు.