వాలు చెలకలో మినీ ట్రాక్టర్: అడ్డంగా ఎంతవరకు?

సుచిత్ర దాటి శామీర్‌పేట వైపు వస్తే మా చెలక. వాన నీరు, మట్టి ఆగాలంటే వాలుకు అడ్డంగా దున్నాలి. కానీ ట్రాక్టర్‌కు బోల్తా భయం ఎక్కువుండేదీ అడ్డంగా పోతేనే.

పోయినేడు సగం నిండిన 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము వెనక పెట్టుకుని అట్లనే పోయిన. లోపలిదంతా కిందివైపు ఊగింది, పైపక్క టైరు లేచింది. స్టీరింగ్ దిగుడు వైపు తిప్పిన, బతికిన.

ఇప్పుడు చేసేది వీడియోలో చూడండి. తక్కువ వాలులోనే అడ్డంగా దున్నుత. ఎక్కువ వాలున్న చోట దున్నను, గడ్డి, చెట్లు పెంచుత. డ్రమ్ము ఎగువ గట్టు మీద పెట్టి పైపుతో పారిస్త. దిగేముందే లో గేర్ వేస్త, మధ్యలో క్లచ్ తొక్కను. రెండు బ్రేకు పెడళ్లు కలిపి లాక్ చేస్త.

ఆ రోజు మడ్‌గార్డు మీద మా తమ్ముడు లేడు, అదృష్టం. ఇప్పుడు ఎవ్వరినీ ఎక్కించను.