పాత కంప్యూటరు – కొత్త టెలివిజను

సింగపూరుకు నైరుతి దిశలో ఏడు చిన్న దీవుల నడుమ సముద్రాన్ని పూడ్చి నిర్మించినది జురాంగ్ ఐలాండ్. 2000 అక్టోబరులో లాంఛనంగా ప్రారంభమైన ఈ ద్వీపం చమురుశుద్ధి, రసాయన పరిశ్రమలకు నెలవు. ఇటువంటి కర్మాగారాలలో ఉష్ణోగ్రతను, పీడనాన్ని కొలిచే పరికరాలు అనేకం నేటికీ తమ కొలతను 4 నుండి 20 మిల్లీఆంపియర్ల విద్యుత్ప్రవాహంగా పంపుతాయి. కంట్రోలు రూములోని కంప్యూటరుకు అంకెల భాష ఒక్కటే తెలుసు. కనుక నడుమ ఒక దుబాసీ, అనగా అనలాగ్-డిజిటల్ కన్వర్టరు, తప్పనిసరి. అక్కడి ఇంజనీర్లకు ఇది నిత్యానుభవం. అటకెక్కిన హోం కంప్యూటరును నేటి టీవీకి కలపడంలోని చిక్కు కూడా ఇటువంటిదే.

1982లో వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్, కమడోర్ 64, 1984-85లో భారత ప్రభుత్వ 'క్లాస్' పథకం ద్వారా మన పాఠశాలలకు చేరిన బి.బి.సి. మైక్రో, ఇవన్నీ పిక్చర్ ట్యూబుల కాలానివి. భారతదేశంలోనూ సింగపూరులోనూ అనుసరించిన 'పాల్' పద్ధతిలో ఒక్కొక్క చిత్రానికి 625 గీతలు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు మరొకసారి వస్తాయి. పాల్ రకపు స్పెక్ట్రమ్, కమడోర్ యంత్రాలు మాత్రం సెకనుకు సుమారు 50 మారులు 312 గీతలనే ఒకే చోట గీస్తాయి. పాత టీవీకి ఇది అభ్యంతరం కాలేదు. కొత్త టీవీ వాటిని బేసి, సరి గీతలుగా భ్రమించి కలిపివేయవచ్చును. అప్పుడు అక్షరాలు అదురుతాయి, కదిలే బొమ్మలు చెదురుతాయి.

మార్గాలు మూడు. మొదటిది దాదాపు ఖర్చు లేనిది. సింగపూరులో అనలాగ్ ప్రసారాలు 2019 జనవరి ఆరంభంలో నిలిచిపోయినా, కొన్ని టీవీలలో అనలాగ్ ట్యూనరు మిగిలి ఉన్నది. స్పెక్ట్రమును యాంటెన్నా సాకెట్టుకు కలిపి 36వ ఛానెలు పరిసరాలలో వెదకవచ్చును. రెండవది, కమడోర్ వెనుకనున్న గుండ్రని వీడియో సాకెట్టు నుండి టీవీ ఏ.వి. సాకెట్టుకు కేబులు. ఆ సాకెట్టు లేనిచోట చవకరకం హెచ్.డి.ఎమ్.ఐ. కన్వర్టరు పనికివస్తుంది, అయితే పైన చెప్పిన అదురు ఇందులోనూ ఉండవచ్చును. మూడవది, ఆర్.జి.బి. సంకేతాన్ని చుక్క చుక్కగా సరైన క్షణంలో గ్రహించే పద్ధతి. బి.బి.సి. మైక్రోకై ఔత్సాహికులు రాస్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటరుతో రూపొందించిన పరికరం ఇట్టిదే. దీని చిత్రం ముత్యమంత స్వచ్ఛం.

ఒక హెచ్చరిక. కమడోర్ పాత పవర్ అడాప్టరు చెడితే 5 వోల్టులకు మించి పంపి చిప్పులను కాల్చివేయగలదు. మల్టీమీటరుతో కొలవక స్విచ్చి వేయరాదు. తొందరపాటుకు మూల్యం యంత్రమే.

నీలి తెరపై 'రెడీ' అన్న మాట నిలకడగా వెలిగిన నాడు, తల్లిదండ్రులు తాము నేర్చిన తొలి ప్రోగ్రామును అదే కీబోర్డుపై పిల్లల చేత వ్రాయించవచ్చును.