పాము వచ్చేది ఎలుక కోసమే
పెరడు సర్దుకుంటే సగం భయం తీరినట్లే

కుందుర్పి : వేరుశనగ పీకి, కట్టె ఇంటికి చేర్చే రోజులంటే ఈ ప్రాంతపు రైతులకు సంబరమూ ఉంటుంది, గుబులూ ఉంటుంది. వాన దక్కని ఈ మెట్ట సీమలో ఆ కట్టే పశువులకు ప్రాణాధారం. అందుకే కంటి ఎదుటనే, ఇంటి గోడ పక్కనే వామి వేస్తారు. కాయల మూటలు పంచలో పేరుస్తారు. కాయ వాసనకు ఎలుకలు చేరతాయి. ఎలుకల వెనుకనే పాములు వస్తాయి.

ఇది చిన్న విషయం కాదు. 2000 నుండి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. వారిలో అత్యధికులు పల్లెవాసులే. మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య జరిగినవే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

వామి లేకుండా రైతుకు గడవదు. కానీ దాని చోటు మార్చవచ్చు. పడుకునే గదికి, పంచకు ఎడంగా, పెరటి చివరన వేసుకోవాలి. కట్టెల మోపులు, పిడకల గూడు, మిగిలిన బండరాళ్లు గోడకు ఆనించి ఉంచరాదు. కాయల మూటలను నేల మీద కాక ఎత్తయిన బండల మీద పేర్చాలి. మట్టి, రాళ్లతో కట్టిన పాత గోడల సందులను, ఎలుక బొరియలను పూడ్చాలి. పాము తనకై తాను బొరియ తవ్వుకోదు. ఎలుక తవ్విన దానిలోనే దూరుతుంది. ఇంటి చుట్టూ గడ్డి చెక్కి, నేల శుభ్రంగా కనబడేటట్లు ఉంచాలి. కప్పును తాకే కొమ్మలను, తీగలను నరికివేయాలి. కోళ్ల గూడు కూడా ఇంటికి దూరంగా ఉంటేనే మేలు.

వెల్లుల్లి నీళ్లు, ఫినాయిలు, గంధకం చల్లితే పాములు రావని చాలామంది నమ్మకం. వాటిని నమ్ముకుని పెరడు బాగు చేయకుండా వదిలేయడం ప్రమాదం.

కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. నేల మీద నిద్రించే వారిని కాటు వేస్తుంది. నొప్పి అంతగా తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపించవచ్చు. కనుక ఎంత ఉక్కపోసినా మంచం మీదనే, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకొని పడుకోవాలి. రాత్రి బయటికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. వామిలో, కట్టెల సందులో చేయి పెట్టేముందు కర్రతో కదిలించాలి.

ఇంత చేసినా కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం కూడదు. పసర్లు, మంత్రాల కోసం కాలం పోగొట్టుకోరాదు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు సూదిమందు ఉంది. అది ఎంత త్వరగా పడితే ప్రాణానికి అంత భరోసా.

ఒక్క పూట పని. ఇంటిల్లిపాదీ చేయి వేస్తే వామి జరుగుతుంది, పెరడు బాగుపడుతుంది. పశువుల మేతా దక్కుతుంది, పిల్లల ప్రాణమూ దక్కుతుంది.