అన్ని శాఖల్లోనూ రచనా బోధన: రచనా ప్రధాన కోర్సుల తీరుతెన్నులు

డిగ్రీ విద్యార్థికి రాయడం నేర్పే బాధ్యత భాషా శాఖలకు మాత్రమే పరిమితం కాదని, పాఠం చెప్పే ప్రతి శాఖకూ అందులో భాగముందని గుర్తించి రూపొందించినవే రచనా ప్రధాన కోర్సులు. రసాయనశాస్త్రం, చరిత్ర, వాణిజ్యశాస్త్రం వంటి శాఖలు తమ కోర్సుల్లో కొన్నింటిని ఈ కోవలో ప్రకటిస్తాయి. ఇందులో బోధనాంశం మారదు. నేర్చుకునే పద్ధతిలోను, మార్కుల కేటాయింపులోను రచనకు ప్రధాన స్థానం లభిస్తుంది.

ఈ ఆలోచన 1970వ దశకంలో బలపడింది. ఇంగ్లండులో జేమ్స్ బ్రిటన్ బృందం 11 నుంచి 18 ఏళ్ల విద్యార్థుల రచనలను పరిశీలించి 1975లో ఒక అధ్యయనాన్ని వెలువరించింది. వాటిలో దాదాపు సగం, ఉపాధ్యాయుడిని పరీక్షకుడిగా భావించి రాసినవేనని అందులో తేలింది. తెలిసినది ఒప్పజెప్పడానికే రాత ఉపయోగపడుతోందని, తెలుసుకోవడానికి ఉపయోగపడటం లేదని దీని సారాంశం. అదే ఏడాది డిసెంబరులో అమెరికా పత్రిక న్యూస్‌వీక్ విద్యార్థుల రచనా సామర్థ్యం క్షీణించిందంటూ ముఖచిత్ర కథనం ప్రచురించడంతో అక్కడి విశ్వవిద్యాలయాలపై ఒత్తిడి పెరిగింది.

హవాయి విశ్వవిద్యాలయం మనోవా ప్రాంగణంలో 1987లో ఆరంభమైన విధానం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడ పట్టా పొందడానికి విద్యార్థి ఇటువంటి కోర్సులు ఐదు పూర్తి చేయాలి. ఒక్కో కోర్సులో కనీసం 4,000 పదాలు, అంటే సుమారు 16 పేజీలు రాయాలి. తుది గ్రేడులో కనీసం 40 శాతం రచనల ఆధారంగానే నిర్ణయిస్తారు. తరగతిలో విద్యార్థుల సంఖ్య 20కి మించరాదు.

ఈ నిబంధనల్లో అన్నిటికన్నా కీలకమైనది చివరిది. 20 మంది 16 పేజీల చొప్పున రాస్తే 320 పేజీలవుతాయి. చిత్తుప్రతిని ఒకసారి, సవరించిన ప్రతిని మరొకసారి చదివితే 640 పేజీలు. అదే తరగతిలో 60 మంది ఉంటే అధ్యాపకుడు 1,920 పేజీలు చదవవలసి వస్తుంది. ఆచరణలో ఇది అసాధ్యం. చిత్తుప్రతిపై వ్యాఖ్య అందకుండా పేజీల సంఖ్య మాత్రమే పెంచితే, అది పెద్ద అసైన్‌మెంటు అవుతుందే తప్ప రచనా ప్రధాన కోర్సు కాదు.

రసాయనశాస్త్ర ప్రయోగ నివేదికనే తీసుకుంటే, విద్యార్థి మొదటి ప్రతిలో ఫలితాలను పట్టికగా ఇచ్చి ఊరుకోవచ్చు. విలువలు అంచనాకు ఎందుకు భిన్నంగా వచ్చాయో, పొరపాటుకు ఎక్కడ ఆస్కారముందో వివరించమని అధ్యాపకుడు మార్జినులో సూచిస్తారు. రెండో ప్రతిలో విద్యార్థి కారణం చెప్పాలి. అక్షరదోషాలు దిద్దడం ఇక్కడ రెండో పని. ఆ కారణం సరైనదో కాదో చెప్పగలిగేది రసాయనశాస్త్ర అధ్యాపకుడే కనుక ఈ పనిని భాషా శాఖకు అప్పగించడం కుదరదు.

మన దేశంలో దీని అవసరం ఇటీవల పెరిగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు సాధించి నాలుగో ఏట పరిశోధన మార్గం ఎంచుకునే విద్యార్థులు 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ సంస్కరణల్లో సామాజిక సేవా ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్‌లను చేర్చారు. వీటికీ నివేదికలు రాయాలి. అంతకుముందు రాసినదంతా పరీక్ష జవాబుపత్రమే అయిన విద్యార్థి, పాత నివేదికను నకలు చేయడానికి మొగ్గుచూపడంలో ఆశ్చర్యం లేదు. నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం 10 శాతానికి మించిన పోలికలుంటే చర్య తీసుకోవచ్చు. అయితే సాఫ్ట్‌వేర్ నకలును పట్టిస్తుంది గాని రాయడం నేర్పదు.

స్వయంప్రతిపత్తి గల కళాశాలల్లో బోర్డ్ ఆఫ్ స్టడీస్ తన పరిధిలోనే ఒకటి రెండు కోర్సులను ఈ తీరులో మలచుకునే వీలుంది. అనుబంధ కళాశాలలకు సిలబస్, ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయం నుంచే వస్తాయి కనుక, అక్కడ అంతర్గత మూల్యాంకనానికి కేటాయించిన మార్కులే ఇందుకు అందుబాటులో ఉన్న అవకాశం.